కారెల్ రసం తీసే రోజు

సెప్టెంబరు సగం దాటితే ఎస్తోనియాలోని హీయుమా దీవిలో ఏ పెరట్లోకి వెళ్ళినా ఆపిల్ కాయల వాసనే. రాత్రి సముద్రపు గాలికి రాలినవన్నీ గడ్డిలో పడి ఉంటాయి. పొద్దున్నే ఏరుకోకపోతే మధ్యాహ్నానికి వాటిని కందిరీగలు పంచుకుంటాయి. విర్వె ఇంటి వెనక ఉన్నవన్నీ ఆంతోనోవ్కా చెట్లు. ఆ కాయ కొరికితే పళ్ళు జివ్వుమంటాయిగానీ రసం తీయడానికి దాన్ని మించింది లేదు.

రసం తీయడం విర్వెకు చెయ్యి తిరిగిన పని. కాయలు రేకు తొట్టిలో పోసి కడగాలి. పుచ్చు ఉన్నచోట చాకుతో తీసేసి నాలుగు ముక్కలు చెయ్యాలి. ముక్కల్ని చేతిమరలో వేసి తిప్పితే కింద గుజ్జు పడుతుంది. ఆ గుజ్జును గుడ్డలో మూటగట్టి, చెక్క చట్రంలో పెట్టి, పైనుంచి ఇనప మరను బిగించాలి. బిగిస్తున్నకొద్దీ చట్రం సందుల్లోంచి రసం బకెట్టులోకి కారుతుంది. దాన్ని పొంగు రాకుండా వేడిచేసి, సీసాల్లో పోసి మూతలు బిగించి, పాత దుప్పట్లు కప్పి నిద్రపుచ్చినట్టు పడుకోబెట్టాలి. ఇదంతా ఆమె కళ్ళు మూసుకుని చేయగలదు. ఆ ఇనప మర తిప్పడం ఒక్కటి మాత్రం ఆమె ఎన్నడూ చేయలేదు. అది కారెల్ పని.

కారెల్ ఆమె భర్త. ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట, ఎస్తోనియా స్వతంత్ర దేశమై మళ్ళీ సొంత జెండా ఎగరేయడానికి ముందటి ఏడాది, శరదృతువులో, వలలు తీయడానికి పోయి సముద్రంలో మునిగిపోయాడు. తలకిందులైన పడవ రాళ్ళ దిబ్బ దగ్గర దొరికింది. మనిషి దొరకలేదు. ఆ వారంలోనే ఏం చేయాలో తోచక, ఊరికే కూర్చోలేక, విర్వె కాయలన్నీ మరలో వేసి గుజ్జు మూటగట్టింది. అప్పుడు కారెల్ సముద్రం వైపు కాలిబాట మీదుగా వచ్చి, బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తుండగా కొట్టంలోకి అడుగుపెట్టి, మర పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా పనిచేసి, గుడ్డలు ఉతికి ఆరేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ వస్తున్నాడు.

ఊళ్ళోవాళ్ళు ఆ రోజు చూసుకుని తమ కాయలు కూడా నాలుగు బస్తాలు తెచ్చి కొట్టం ముందు దించేవాళ్ళు. "ఏం కారెల్, ఈసారి చేపలు బొత్తిగా లేవోయ్" అని పలకరించేవాళ్ళు. అతను తలూపేవాడు. పాదిరి గారు కూడా ఒక బుట్ట పంపేవారు. చర్చి పుస్తకంలో చనిపోయినవాళ్ళ వరసలో అతని పేరు రాయలేదు, గంట కొట్టలేదు, రాయి మీద పేరు చెక్కలేదు. ఏటా వచ్చి పనిచేసి పోయే మనిషికి అవన్నీ ఎట్లా చేస్తారు?

ఈ ఏడు విర్వె పై కొమ్మ కాయల కోసం నిచ్చెనెక్కి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేయించుకుని ఇంటికొచ్చి, రాజధాని తాల్లిన్‌లో ఉన్న కూతురికి ఫోను చేసింది.

"చెయ్యి విరిగిందే."

"ఎట్లా?" అంది కద్రి.

"నిచ్చెన మీంచి పడ్డా."

"అరవై దాటాక నిన్ను నిచ్చెన ఎవరెక్కమన్నారమ్మా?"

"కాయలన్నాయి. ఎక్కి కొయ్యమన్నాయి."

కద్రి నవ్వలేదు. తల్లి ఎందుకు ఫోను చేసిందో ఆమెకు అర్థమైంది. "ఆ ఒక్క రోజు నేను రానని నీకు తెలుసు కదా" అంది.

"తెలుసు. కాయలు తరిగేవాళ్ళు, మరలో వేసేవాళ్ళు లేకపోతే మీ నాన్న వచ్చి ఖాళీ చేతులతో నిలబడతాడు. అంత దూరం నుంచి వస్తాడు పాపం."

"సరే, శుక్రవారం ఓడకి వస్తాను" అంది కద్రి చివరికి.

కద్రి రానన్నది పొగరుతో కాదు. తండ్రి పోయిన మరుసటి వసంతంలో పుట్టిందామె. విర్వెకు నెల తప్పిన సంగతి కారెల్‌కు తెలియదు. కాయల పని అయ్యాక, సాయంత్రం తీరిగ్గా చెబుదామనుకుని ఆ పొద్దున ఆమె చెప్పలేదు. అందుకని ఏటా వచ్చే కారెల్‌కు తను పోయేనాటికి ఉన్నవాళ్ళే తెలుసు. కద్రి చిన్నప్పుడు ఎర్ర టోపీ పెట్టుకుని, మొహం పైకెత్తి, అతనికి ఎదురుగా నిలబడేది. అతను దారిలో పడుకున్న పిల్లిని తప్పుకున్నట్టు పక్కనుంచి వెళ్ళేవాడు. ఒక ఏడు ఆ పిల్ల మర పిడి మీద అతని చేతి పక్కనే తన చెయ్యి కూడా వేసింది. అతను తిప్పడం ఆపి, చెయ్యి తీసేదాకా ఓపిగ్గా ఆగాడు. తీశాక మళ్ళీ తిప్పాడు. కాస్త పెద్దదయ్యాక ఆ రోజు వస్తే చాలు, స్నేహితురాలింటికి వెళ్ళిపోయేది. చదువుకు తాల్లిన్ పోయాక సెప్టెంబరులో ఎప్పుడూ రాలేదు.

శనివారం పొద్దున తల్లీకూతుళ్ళు పని మొదలుపెట్టారు. కందిరీగలు జుట్టులో దూరకుండా కద్రి తలకు గుడ్డ కట్టుకుంది. తల్లిది ఒక పాత పని గౌను తొడుక్కుంది. తొట్టి దగ్గర వంగి కాయలు కడుగుతుంటే, విర్వె కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తూ, ఒక్క క్షణం తనని తనే చూసుకుంటున్నట్టు ఉలిక్కిపడింది.

పొరుగున ఉండే హైనో పిప్పి కోసం తొట్టి తెచ్చుకున్నాడు. అతని మేకలకు ఆపిల్ పిప్పి అంటే ప్రాణం. భార్య పోయి చాలా ఏళ్ళయింది అతనికి. ఒకప్పుడు కారెల్‌తో ఒకే పడవలో చేపలకు వెళ్ళినవాడు. విర్వె అంటే అతనికున్న అభిమానం ఊరందరికీ తెలుసు. కాని మొగుడున్న ఆడదాన్ని ఎవరైనా ఏమడుగుతారు?

"కద్రీ, ముక్కలు అంత సన్నగా తరగక్కర్లేదమ్మా. మర ఉంది ఎందుకు?" అన్నాడు హైనో, పెట్టె మీద కూర్చుని.

"చేతులు ఖాళీగా ఉంటే నువ్వు తరుగు బాబాయ్."

"నేను సలహాలివ్వడానికి వచ్చా. పని చెయ్యడానికి కారెల్ ఉన్నాడుగా."

మొదటి మూట చట్రంలోకి చేరేసరికి కాలిబాట మీద బూట్ల చప్పుడు వినిపించింది. కద్రి తల వంచుకుని చాకు గట్టిగా పట్టుకుంది. తనను చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోతాడు, ఒక్క రోజే కదా, ఓర్చుకోవచ్చు అనుకుంది.

బూట్ల చప్పుడు గుమ్మంలో ఆగిపోయింది.

"ఇంకా కోపంగానే ఉన్నావా?" అన్నాడు కారెల్.

ఆ గొంతు కొద్దిగా బొంగురని విర్వె మర్చిపోయింది. అది విని గోడ పట్టుకుంది. హైనో లేచి నిలబడి, "మేకల్ని కట్టేశానో లేదో" అని గొణిగి, పెరటి దారిన బయటికి వెళ్ళిపోయాడు.

కద్రి తలెత్తింది. తండ్రి తననే చూస్తున్నాడు. ఆమెకన్నా ఏడాదో రెండేళ్ళో పెద్దగా కనబడుతున్నాడంతే. కనురెప్పల మీద ఉప్పు మెరుస్తోంది.

"మాట్లాడవా? సరేలే" అన్నాడు. అప్పుడు గోడ పక్కనున్న విర్వె వైపు తిరిగాడు. "పెద్దమ్మగారూ, మీరెందుకు నిలబడ్డారు? చెయ్యి నొప్పిగా ఉన్నట్టుంది, ఇట్లా కూర్చోండి." బల్ల ముందుకు లాగి, తడి చొక్కాలోనే కాస్త పొడిగా ఉన్న అంచుతో తుడిచి పెట్టాడు.

విర్వె కూర్చుంది. కొన్నేళ్ళుగా అతను తనను చూసే చూపు మారడం ఆమె గమనించింది. మొదట్లో పనిచేస్తూ మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడేవాడు. రానురాను దూరం జరిగాడు. ఈమధ్య, కూలికొచ్చిన మనిషి ఇంటావిడ వైపు చూసినట్టు చూసేవాడు. అలసటేమోలే అని సర్దిచెప్పుకుంది. జుట్టు తెల్లబడింది తనకేనని, అతనికి ఆ ఒక్క ఏడే నడుస్తోందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మీరు అన్నాడు. కూర్చోండి అన్నాడు.

కారెల్ పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. రసం మొదట చుక్కలుగా, తర్వాత ధారగా బకెట్టులో పడింది.

"నాకు వినపడలేదనుకున్నావు కదూ" అన్నాడు కద్రితో, పని మీదనుంచి చూపు తీయకుండానే. "ఒడ్డు మీంచి నువ్వరిచింది విన్నాను. రోజూ రేపు రేపంటావు, చచ్చి దయ్యమయ్యాక వచ్చి పిండుతావులే ఈ కాయలు అన్నావు."

కద్రి తల్లి వైపు చూసింది. విర్వె తల వంచుకుంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కూతురికి చెప్పలేదు, పాదిరికీ చెప్పలేదు. ఆ మాటే అతన్ని ముంచిందని, ఆ మాటే అతన్ని ఏటా లాక్కొస్తోందని తనలో తను కుమిలిపోతూ ఇన్నేళ్ళూ గడిపింది.

"నాకు నవ్వొచ్చింది" అన్నాడు కారెల్. "నవ్వితే నీకింకా మండుతుందని వెనక్కి తిరగలేదు. వలలు తీసుకుని మధ్యాహ్నానికల్లా వచ్చేసి, సాయంత్రం దాకా పిండుదామనుకున్నా. గాలి మారింది."

బల్ల మీద కూర్చున్న విర్వె గొంతులోంచి చిన్న చప్పుడొకటి వచ్చింది. కారెల్ అటు చూసి, "నొప్పా పెద్దమ్మగారూ?" అని అడిగాడు. ఆమె కాదన్నట్టు తలూపింది.

"మాటన్నావు కాబట్టి వస్తున్నాను" అని మళ్ళీ కద్రి వైపు తిరిగాడు. "వస్తే నువ్వుండవు. ఈ పెద్దమ్మగారే ఉంటారు. కాయలు తరిగి ఉంటాయి, మూట కట్టి ఉంటుంది. ఆవిడనేం అడగాలో తెలియక పనిచేసి పోతుంటాను. చాలు ఇక రావద్దు అని నువ్వే అనాలి కదా, ఇంకెవరంటారు? నీళ్ళ అడుగునుంచి నడిచి రావడమంటే మాటలా, విర్వే. చాలా అలిసిపోయాను."

కద్రికి చిన్నప్పటినుంచి ఒక మాట నోట్లో సిద్ధంగా ఉంది. నేను నీ కూతుర్ని. అతను ఎప్పుడైనా తన వైపు చూస్తే అనాలని దాచుకున్న మాట. ఇప్పుడు చూస్తున్నాడు. కాని అంటే ఏమవుతుంది? మరి విర్వె ఏదని అడుగుతాడు. బల్ల మీద కూర్చున్న ముసలావిడను చూపించాలి. తల్లి తలెత్తి ఆమెనే చూస్తోంది. వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది.

కద్రి చాకు కింద పెట్టింది. చేతులు గౌనుకు తుడుచుకుంది.

"నీకో సంగతి చెప్పాలి" అంది. "ఆ రోజే చెబుదామనుకున్నా. కోపంలో చెప్పలేదు. నాకు నెల తప్పింది."

కారెల్ పిడి వదిలేశాడు. "నిజమా?"

"నిజం. ఆడపిల్ల."

"అది నీకెట్లా తెలుసు?"

"నాకు తెలుసు."

అతను నవ్వాడు. మొహమంతా పరుచుకున్న ఆ నవ్వును కద్రి కళ్ళార్పకుండా చూసింది. అతను చెయ్యి చాచి ఆమె చెంప మీద వేశాడు. చల్లటి చెయ్యి. ఉప్పు వాసన, ఆపిల్ వాసన కలిసి ఉన్నాయి.

"నీ పోలిక వస్తే బాగుంటుంది. నా చెవులు మాత్రం రాకూడదు పాపం."

తలగుడ్డ కింద కద్రి చెవులు వేడెక్కాయి. అవి అచ్చం అతనివే. "పేరు కద్రి అనుకుంటున్నా" అంది.

"కద్రి" అన్నాడతను. మళ్ళీ ఒకసారి అన్నాడు. "బాగుంది. దానికి ఈత నేర్పించు విర్వే. మాకెవరికీ నేర్పలేదు. ఈతొస్తే చావు ఆలస్యమవుతుందంతే అనేవాడు మా నాన్న. నువ్వు ఆ మాటలేం వినకు. నేర్పించు."

"నేర్పిస్తా."

తర్వాత కద్రి మళ్ళీ తల్లి వైపు చూసింది. ఇక అనాల్సిన మాట ఏదో ఇద్దరికీ తెలుసు. విర్వె బల్ల మీంచి లేచింది. ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు, వచ్చే ఏడు కూడా ఇతను వస్తాడు. మీరు అంటేనేం, పెద్దమ్మగారూ అంటేనేం, వస్తాడు. ఆ కొట్టంలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా అతని వీపు చూస్తూ కూర్చోవచ్చు. ఏడాదంతా ఆమె బతికింది ఆ ఒక్క పూట కోసమే. ఆమె అతని బూట్ల వైపు చూసింది. ప్రతి అడుగుకీ కింద ఒక మడుగు మిగులుతోంది. చాలు అని పెదవులతో అంది.

"చాలు కారెల్" అంది కద్రి. "ఇక రావద్దు. కాయల సంగతి నేను చూసుకుంటా."

కారెల్ ఊపిరి పీల్చి వదిలాడు. పని సగంలో వదిలేసే మనిషి కాదు. మూటలో ఉన్నదంతా చివరి చుక్క దాకా పిండి, మర పైకి తిప్పి, పిప్పిని హైనో తొట్టిలో దులిపాడు. కద్రి గ్లాసుతో బకెట్టులోంచి రసం ముంచి ఇచ్చింది. ఇన్నేళ్ళలో అతను ఒక్క చుక్క తాగలేదు. ఇప్పుడు గ్లాసంతా తాగి, చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"ఈ ఏడు పులుపు తగ్గింది" అన్నాడు. "ఎండలు బాగా కాసుంటాయి."

గుమ్మం దగ్గర విర్వె ముందు ఆగి తల వంచాడు. "వెళ్ళొస్తానండి పెద్దమ్మగారూ. మా ఆవిడకి ఒంట్లో బాగుండని రోజులు. కాస్త కనిపెట్టి ఉండండి."

"ఉంటాను నాయనా" అంది విర్వె. "నువ్వు వెళ్ళు."

అతను కాలిబాట మీదుగా వెళ్ళి, రెల్లుపొదల్లో దిగి, మోకాళ్ళ లోతు దాకా కనిపించాడు. తర్వాత కనిపించలేదు.

మిగిలిన కాయలు ఇంకా చాలా ఉన్నాయి. వదిలేస్తే కుళ్ళిపోతాయి. కద్రి తరిగింది, మరలో వేసింది, పిడి పట్టుకుని తనే తిప్పింది. హైనో తిరిగొచ్చి, ఏమీ అడక్కుండా పిడికి అవతలి వైపు పట్టుకున్నాడు. విర్వె ఎడమచేత్తో సీసాలు నింపింది. సీసాలకు దుప్పట్లు కప్పాక తల్లీకూతుళ్ళు వంటింట్లో కూర్చున్నారు.

"ఆయన నవ్వాడమ్మా" అంది కద్రి. "నా సంగతి చెప్పగానే నవ్వాడు."

"నేను చూడలేదే. అప్పటికి మళ్ళీ తల దించుకున్నాను."

"నవ్వాడు. కింది పన్ను ఒకటి వంకరగా ఉంది."

"అవును, ఉండేది" అంది విర్వె. తర్వాత "నన్ను మీరు అన్నాడు చూశావా?" అంది. కద్రి లేచి వెళ్ళి తల్లి వెనక నిలబడి, ఆమె తెల్లటి తల మీద తన గడ్డం ఆనించింది.

సోమవారం చర్చి గంట కొట్టారు. పాదిరి గారు పుస్తకం తీసి కారెల్ పేరు రాశారు. శవం లేకపోయినా ఊరంతా నల్లబట్టల్లో వచ్చింది. కొందరు రొట్టెలు చేసి తెచ్చారు, కొందరు ఉడికించిన బఠాణీలు, ఉప్పుచేప, బంగాళాదుంపలు తెచ్చారు. కారెల్ ఎంత బలంగా మర తిప్పేవాడో, ఒకసారి గడ్డకట్టిన సముద్రం మీద ఎవరి గుర్రాన్నో ఎట్లా కాపాడాడో చెప్పుకున్నారు. కద్రి ముందు వరసలో, కూతురు నిలబడే చోట నిలబడింది. జుట్టు పైకి దువ్వి ముడి వేసుకుంది. ఆ చెవులు చూసి ముసలివాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. విర్వె అంతకుముందెన్నడూ ఏడవనట్టు ఏడ్చింది. నిజానికి అంతకుముందు ఆమెకు ఏడ్చే హక్కు ఎవరూ ఇవ్వలేదు. మొగుడు ఏటా వస్తున్నవాళ్ళు ఏం ఏడుస్తారు?

నవంబరులో మార్టిన్ పండుగ వెళ్ళిన మర్నాడు హైనో వచ్చాడు. గడ్డం గీసుకుని, మంచి కోటు తొడుక్కుని ఉన్నాడు. చేతిలో మేకపాల జున్నుముక్క ఒకటి గుడ్డలో చుట్టి ఉంది. విర్వె పిండికట్టు అప్పటికి విప్పేశారు. ఆమె బల్ల దగ్గర కూర్చుని చెయ్యి ఒత్తుకుంటోంది.

"విర్వే, ఒక మాట అడుగుదామని వచ్చా" అన్నాడు. "చాలా ఏళ్ళనుంచి అడగాలని ఉంది. అడిగే వీలు లేదు."

"ఏమడుగుతావో తెలుసు" అంది విర్వె. ఆమె గొంతులో కోపం లేదు. "ఇప్పుడొద్దు హైనో. నా మొగుడు పోయి ఇంకా రెండు నెలలన్నా కాలేదు."

హైనో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిజమే. నాదే తప్పు" అన్నాడు. జున్ను బల్ల మీద పెట్టి, చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టు కుర్చీ అంచు మీద ఒదిగి కూర్చున్నాడు. కిటికీ బయట మంచు కలిసిన వాన పడుతోంది. టోపీ మోకాలి మీద పెట్టుకుని, "ఎట్లాంటి మనిషో చెప్పు" అని అడిగాడు.

కారెల్‌తో ఒకే పడవలో ఏళ్ళ తరబడి తిరిగినవాడు, అతని సంగతి ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాడు అడిగాడా మాట. విర్వె లేచి పొయ్యి మీద కాఫీ పెట్టి వచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఏడుపొచ్చింది. హైనో ఊరుకోమనలేదు.